తిరగేసిన ఫిల్ము

గౌను తొడుక్కోమంటే తొడుక్కున్నాడు గానీ, జబ్బకున్న తాయెత్తు విప్పమంటే మాత్రం దాలయ్య విప్పనన్నాడు.

"ఎక్స్‌రేలో అడ్డమొస్తుంది. వెండి, ఇనుము ఏవీ ఒంటి మీద ఉండకూడదు," అంది తాయారు.

దాలయ్యకి మాట్లాడితే నొప్పి. మొగుడి బదులు గున్నమ్మే అందుకుంది. "అది ఇప్పకూడదమ్మా. మా అత్త కట్టింది. సముద్రం మీద ఉన్నా ఉంటాది, పెళ్ళి పీటల మీదా ఉన్నాది. ఇప్పుడిప్పితే రేపేటైనా అయిందనుకో, నువ్వొచ్చి సూస్తావేటి?"

బయట బల్లల మీద ఇంకా పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఒక పిల్లవాడు విరిగిన చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. విజయనగరంలో శివాజీ పెట్టిన ఆ చిన్న ఎక్స్‌రే సెంటర్లో ఆరేళ్ళుగా ఎక్స్‌రేలు తీసేది తాయారొక్కతే. మంగళవారం వచ్చిందంటే టీ తాగడానికైనా తీరదు. జబ్బ మీదే కదా, రొమ్ముకి అడ్డం రాదులే అనుకుని తాయెత్తుని దాని మానాన వదిలేసింది.

వాళ్ళిద్దరూ ముక్కాం అనే బెస్తపల్లె నుంచి వచ్చారు. ముందురోజు పొద్దున్న తెప్పని ఒడ్డుకి లాగుతుంటే వెనకనుంచి వచ్చిన కెరటం దాన్ని ఎత్తి విసిరిందట. ఎదురుగా ఉన్న దాలయ్య నడిరొమ్ము మీద తెప్ప ముక్కు గుద్దేసింది. రక్తం రాలేదు, చర్మం చిట్లలేదు. అరచెయ్యంత మేర కమిలి నల్లబడింది, అంతే. నలభై రెండేళ్ళ మనిషి, వలలు లాగి లాగి గట్టిపడిన ఒళ్ళు. అలాంటివాడు స్టూలు మీద కూర్చోవడానికి నాలుగుసార్లు ఆగాడు.

ఛాతీ ఎక్స్‌రేకి మామూలుగా రొమ్ముని పలకకి ఆనించి నిలబెట్టి వీపు వైపు నుంచి తీస్తారు. ఆ దెబ్బ తిన్న రొమ్ముని పలకకి నొక్కమంటే దాలయ్య పళ్ళు కరుచుకున్నాడు. అందుకని తాయారు వీపు ఆనించి, ముందు వైపు నుంచి తియ్యడానికి సిద్ధం చేసింది. భుజాలు సర్దబోతే అతను ఎడమకి ఒరిగిపోయాడు.

"నిటారుగా కూర్చోవయ్యా."

"ఇలాగుంటేనే బాగున్నాదమ్మా," అన్నాడు దాలయ్య మెల్లగా. "ఆ పక్కకి ఒరిగితే కళ్ళు సీకట్లు కమ్మేస్తన్నాయి."

"ఒక్క నిమిషమే. ఊపిరి బిగపట్టు."

గున్నమ్మ బయటికి వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడింది. చెప్పాలా వద్దా అని కొంగు వేలికి చుట్టుకుంటూ, ఆఖరికి చెప్పేసింది. "అమ్మా, నవ్వకు మరి. ఈయన గుండి ఇక్కడ కొట్టుకుంతంది." తన కుడి రొమ్ము మీద చెయ్యి వేసి చూపించింది. "నిన్న సెవి పెట్టి ఇన్నాను. ఈ పక్కన ఏటీ వినపడ్డం నేదు. అంతా ఆ పక్కనే."

తాయారు నవ్వింది. నవ్వకు అన్నా నవ్వింది. "గుండె అందరికీ ఎడమ పక్కే ఉంటుందమ్మా. కంగారులో నీ గుండె చప్పుడే నీకు వినిపించుంటుంది."

"నాకు తెల్దేటి? ఇరవయ్యేళ్ళుగా..." అని గున్నమ్మ ఆగిపోయింది. పరాయి ఆడదాని ముందు మొగుడి రొమ్ము మీద తల పెట్టుకుని పడుకునే సంగతి ఎలా చెబుతుంది? సిగ్గుపడి బయటికి నడిచింది. తాయారు తలుపు వేసేసింది.

బొమ్మ కంప్యూటరు తెర మీదకి వచ్చింది. ఫిల్ములో మనిషి మనకి ఎదురుగా నిలబడ్డట్టు ఉంటాడు, అతని ఎడమ మన కుడిచేతి వైపు. గుండె నీడ ఆ వైపే పడాలి. దాలయ్య గుండె నీడ అవతలి వైపు పడింది.

తాయారుకి అనుమానమన్నదే రాలేదు. ముందు వైపు నుంచి తీసినప్పుడు కంప్యూటర్లో ఆ సంగతి చెప్పే మీట నొక్కకపోతే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. తొందరలో అలా రోజుకి రెండు మూడు సార్లయినా జరుగుతుంది. అందుకే తెర మూల 'ఫ్లిప్' అని ఒక మీట ఉంది. నొక్కితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. నొక్కింది. గుండె బుద్ధిగా ఎడమ వైపుకి వచ్చి కూర్చుంది.

ఇదివరకు పలక మూల సీసపు 'ఎల్' అక్షరం అంటించి తీసేది, ఎడమ ఏదో బొమ్మే చెప్పేది. ఆ అక్షరం ఎక్కడో పడిపోయి ఆరు నెలలైంది. కొత్తది తెప్పించమంటే, కంప్యూటర్లో టైపు చేసుకో తాయారూ, దానికోసం మళ్ళీ విశాఖ వెళ్ళాలా అన్నాడు శివాజీ. తాయారు తను ఎడమ అనుకున్న వైపున 'ఎల్' అని టైపు చేసి ఫిల్ము తీసింది.

పక్క వీధిలో డాక్టరు ఆ ఫిల్ముని కిటికీ వెలుగులో చూశాడు. రెండు పక్కటెముకలు బీటలిచ్చాయి, పదిహేను రోజులు బరువులెత్తకు అని నొప్పి మాత్రలు రాసిచ్చాడు. తిరిగి వెళ్తూ గున్నమ్మ సెంటరు మెట్ల దగ్గర ఆగి, ఆ పెద్ద కవరు తాయారుకి చూపించింది.

"ఎడం పక్కే ఉన్నాదా అమ్మా, గుండి?"

తాయారు ఫిల్ము బయటికి తీసి, తెల్లటి నీడ మీద వేలు పెట్టింది. "ఇదిగో. కళ్ళారా చూసుకో. ఎడమ పక్కే ఉంది."

గున్నమ్మ చూసింది. తలూపింది. చదువుకున్న పిల్ల వేలు పెట్టి చూపించాక ఇంకేముంటుంది?

*

తాయారు నెల్లిమర్లలో ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరైంది. జూట్ మిల్లు షిఫ్టు మారి సైకిళ్ళు బారులుగా వస్తున్నాయి. తల్లి జగ్గమ్మ గుడికి వెళ్ళొచ్చి, వీధరుగు మీద కుంకుమ పొట్లం, ఎర్రదారం పెట్టుకుని కూర్చుంది.

"ఇలా రా. దారం కట్టాలి. సెయ్యి ఇయ్యి."

తాయారు చెప్పులు విప్పుతూనే చెయ్యి చాపింది.

జగ్గమ్మ ఆ చేతిని చటుక్కున తోసేసింది. "ఎడం సెయ్యి ఇయ్యే! మగోడివేటి, కుడి సెయ్యి సాపడానికి?"

తాయారు ఎడమ చెయ్యి ఇచ్చింది. తల్లి మూడు ముళ్ళు వేసి, మిగిలిన దారాన్ని పంటితో కొరికింది. ఆడవాళ్ళకి ఎడమ చేతికి, మగవాళ్ళకి కుడి చేతికి. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ ముడి వంక చూస్తూ చూస్తూ తాయారు కదలకుండా ఉండిపోయింది.

ఫిల్ము అంచున వేలెడంత తెల్లటి గొట్టం. తాయెత్తు. వెండి కదా, సున్నం గీత గీసినంత తెల్లగా పడింది. ఏ వైపు పడింది? తను 'ఎల్' అని టైపు చేసిన వైపు. దాని కిందే అక్షరం ఇరికించింది, చోటు చాలక.

మగవాడు ఎడమ జబ్బకి తాయెత్తు ఎందుకు కట్టుకుంటాడు?

"ఏటే, అలాగైపోనావు? ఒంట్లో బాగోనేదా?" అంది జగ్గమ్మ.

"ఏం లేదమ్మా."

ఏం లేదని ఎందుకంది? నోటికొచ్చింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు ముంచుకుంది, తాగకుండానే గ్లాసు పట్టుకుని నిలబడింది.  లేదు, వాళ్ళ ఇంట్లో పద్ధతి వేరేమో. అతను ఎడమ జబ్బకే కట్టుకున్నాడేమో. తాయారు కళ్ళు మూసుకుని దాలయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి చూసింది. అతను కూర్చున్నప్పుడు తాయెత్తు ఏ జబ్బకి ఉంది? గుర్తు రాలేదు. గుర్తొచ్చింది గున్నమ్మ చెయ్యి. కుడి రొమ్ము మీద పెట్టి చూపించిన చెయ్యి. నవ్వకు మరి అన్న మాట. తను నవ్విన నవ్వు.

ఆ రాత్రి తాయారుకి కంటి మీద కునుకు లేదు. తెల్లవారి మొదటి బస్సు పట్టుకుంది.

*

శివాజీ తాళం తీసే లోపలే ఆవిడ మెట్ల మీద ఉంది. ఇంత పొద్దున్నే ఏమిటని అతను అడుగుతుండగానే కంప్యూటరు వేసింది. దాలయ్య, ముక్కాం, నలభై రెండు. బొమ్మ వచ్చింది. తాయెత్తు 'ఎల్' వైపే ఉంది. తాయారు ఇప్పుడు గుండెని చూడలేదు. దాని కింద చూసింది. కడుపులో గాలి బుడగ నల్లగా కనిపిస్తుంది, అది ఎవరికైనా ఎడమ పక్క పొట్ట పైభాగంలో ఉంటుంది. చదువుకున్న రెండేళ్ళూ మేడం ఈ సంగతి వాయించి వాయించి చెప్పేది. ఆ బుడగ కుడి పక్కన ఉంది.

ఫ్లిప్ నొక్కింది. తాయెత్తు కుడి జబ్బకి వెళ్ళింది. గాలి బుడగ ఎడమకి వచ్చింది. అన్నీ వాటి వాటి చోట్లలోకి వచ్చాయి, గుండె ఒక్కటే కుడి పక్కకి పోయింది.

"ఓరి దేవుడా," అంది తాయారు.

శివాజీ తెర మీదకి వంగి చూశాడు. అతనికీ చప్పున అర్థమైంది. చెడ్డవాడేం కాదు, భయస్థుడు. భయం వేస్తే మాట వేగం పెరుగుతుంది అతనికి. "పుట్టుకతోనే కుడి పక్కన ఉండేవాళ్ళు ఉంటారు తాయారూ. లక్షల్లో ఒకడు. ఇతనూ అంతేనేమో. నలభై రెండేళ్ళు బతికాడుగా? అయినా చూసి మందు రాసింది డాక్టరు, మనం కాదు."

"ఆయన చూసింది నేను తిప్పిన బొమ్మ."

"అరవకు. ఫోన్ చేసి, ఫిల్ము పొరపాటున మారిపోయింది, తెచ్చేయండి అందాం. సరైంది ఇద్దాం. ఎవరికీ తెలియక్కర్లేదు."

రిజిస్టర్లో ఉన్న నెంబరుకి తాయారు ఫోన్ చేసింది. ఎత్తినవాడు దాలయ్య కాదు, చినబాబు అనే ఆటో అతను. దాలయ్యకి ఫోను లేక తన నెంబరు ఇచ్చాడట.

"దాలయ్య మావా? బతికే ఉన్నాడండి. రాత్రంతా తెప్పకి ఆనుకుని కూకున్నాడు, పడుకోనేకపోతన్నాడు. ఈయాల నూకయ్య తాత ఒస్తాడు, ఎముకలు కట్టేవోడు. నూనె రాసి, పక్కటెముకలకి కట్టు కడతాడు."

"ఎలా కడతాడు? పడుకోబెట్టా?"

"మరి నిలబెట్టి కడతారేటండి? పక్కకి పడుకోబెట్టే."

'ఆ పక్కకి ఒరిగితే కళ్ళు సీకట్లు కమ్మేస్తన్నాయి.' ఆ మాట ఇప్పుడు వినిపించింది తాయారుకి. నిన్న చెవిలో పడింది, అంతే. "కట్టొద్దని చెప్పు! వెంటనే వెళ్ళి చెప్పు బాబూ!"

"నాను భోగాపురంలో ఉన్నానండి, కిరాయికొచ్చి. గంట దాకా కదలనేను."

"అక్కడే ఉండు. వస్తున్నాను."

శివాజీ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు నువ్వెళ్ళి మేమే తప్పు చేశామంటే రేపు పోలీసులు నా గుమ్మంలో ఉంటారు. నీ గుమ్మంలో కూడా." తాయారు ఆగింది. నిజంగానే ఆగింది, ఆ రెండు క్షణాలు ఆవిడ తర్వాత ఎప్పుడూ మరిచిపోలేదు. తర్వాత అతని చెయ్యి కింద నుంచి దూరి బయటపడింది.

*

భోగాపురం నుంచి చినబాబు ఆటో ఇసకలో దిగబడేదాకా తోలాడు. అక్కణ్ణుంచి తాయారు పరిగెత్తింది. చెప్పుల నిండా ఇసక. తెప్పల వరస దాటాక, వలలు ఆరేసిన పందిరి కింద పది మంది మూగి ఉన్నారు. మధ్యలో వెచ్చబెట్టిన నూనె గిన్నె, చీల్చిన పాతచీర పేలికలు, వెదురు బద్దలు. నూకయ్య డెబ్భై ఏళ్ళ మనిషి, ఆ తీరంలో ఎన్ని కాళ్ళు చేతులు నిలబెట్టాడో లెక్కలేదు. మోకాళ్ళ మీద కూర్చుని దాలయ్య భుజం పట్టుకున్నాడు.

"ఒద్దు తాతా, ఆ పక్కకొద్దు," అంటున్నాడు దాలయ్య.

"ఎడం పక్కన కదరా ఎముక కలుక్కుమంతంది. అది పైకి రావాల. సిన్నపిల్లోడివేటి?" అని నూకయ్య అతన్ని కుడి పక్కకి పడుకోబెట్టాడు.

"వద్దు! తిప్పకండి!" అని తాయారు దూరం నుంచే అరిచింది. సముద్రం హోరులో ఎవరికీ వినపడలేదు.

ఆవిడ పందిట్లోకి వచ్చేసరికి దాలయ్య ముఖం బూడిదలా అయిపోయింది. పెదాలు నీలమయ్యాయి. కళ్ళు పైకి పోయాయి. ఏదో అనబోయి అనలేదు. నూకయ్య చేతిలో పేలిక జారిపోయింది.

"ఓలమ్మో! ఈడేటైపోనాడే!" అని గున్నమ్మ మొగుడి మీద పడింది.

తాయారు జనాన్ని తోసుకుని అతని మణికట్టు పట్టుకుంది. నాడి దొరకలేదు. మళ్ళీ వెతికింది. లేదు. ఆవిడ ఆరేళ్ళలో వేలమంది ఎముకలు చూసింది గానీ, చేతిలో మనిషి పోతూ ఉండగా ఎప్పుడూ చూడలేదు.  "ఎడమ పక్కకి! ఎడమ పక్కకి తిప్పండి!" అంటూ తనే భుజం కింద చెయ్యి పెట్టి ఎత్తింది. నూకయ్య నడుం పట్టాడు. ఇద్దరూ కలిసి దొర్లించారు.

ఒకటి. రెండు. మూడు. వేళ్ళ కింద సన్నగా ఒక దెబ్బ. ఆగి, ఇంకొకటి. తర్వాత వరసగా, వేగంగా. దాలయ్య పెద్దగా ఊపిరి లాగి కళ్ళు తెరిచాడు.

తాయారు అక్కడే, అందరి ముందూ, వంగి అతని రొమ్ము మీద చెవి పెట్టింది. ఎడమన దూరంగా, గోడ అవతల ఎవరో నడుస్తున్నట్టు ఉంది. చెవి కుడికి జరిపింది. దబదబమని చెవిలోనే మోగింది.

తలెత్తితే ఎదురుగా గున్నమ్మ కళ్ళు.  నూటెనిమిదికి ఫోన్ చెయ్యమని చినబాబుతో చెప్పి తాయారు ముఖం తిప్పుకుంది.

*

అంబులెన్సులో విశాఖ దాకా దాలయ్యని ఎడమ పక్కకే పడుకోబెట్టి తీసుకెళ్ళారు. గున్నమ్మ ఒళ్ళో ఆ పెద్ద కవరు. దాన్ని ఆవిడ రెండు చేతులా పట్టుకుంది, జారిపోతుందేమో అన్నట్టు. తాయారు దానివైపు చూసి, వెంటనే కిటికీ వైపు తిరిగింది. చెప్పాలి. ఇప్పుడు చెప్పనా? దిగాక చెప్పనా? తగరపువలస దాటింది. మధురవాడ దాటింది. చెప్పలేదు.

పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో మంచాల మధ్య నడవడానికి దారి లేదు. వినోద్ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. కళ్ళ కింద నల్లటి చారలు, ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నాడో ఏమో.

"తెప్ప గుద్దిందా? ఎక్స్‌రే ఉందా?"

గున్నమ్మ కవరు ఇచ్చింది. అతను ఫిల్ముని ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకున్నాడు. స్టెతస్కోపు ఎడమ రొమ్ము మీద పెట్టాడు, ముఖం కొంచెం చిట్లించాడు. "చప్పుడు సరిగ్గా లేదు. కమిలిన వాపేమో. గుండె సైజు, చోటు బాగానే ఉన్నాయి. పక్కటెముకలే. వార్డులో పెట్టి చూద్దాం." నర్సు వైపు తిరిగాడు. "వెల్లకిలా పడుకోబెట్టి ఈసీజీ తియ్యండి."

"బాబూ, ఈయన గుండి ఆ పక్కన..." అని గున్నమ్మ మొదలుపెట్టింది.

"ఫిల్ములో చూశానమ్మా. ఎడమ పక్కే ఉంది." నిన్న తాయారు అన్న మాటే, అదే గొంతు, అదే విసుగు.

గున్నమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇద్దరు చదువుకున్నవాళ్ళు చెప్పారు. ఇంక ఎవరికి చెప్పుకోవాలి? ఆవిడ తల వంచుకోవడం తాయారు చూసింది. నర్సు మంచం తల భాగం దించడానికి మీట పట్టుకుంది. దాలయ్య భయంగా మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"సార్, ఆ ఫిల్ము తప్పు," అంది తాయారు.

"మీరెవరు?"

"ఆ ఎక్స్‌రే తీసింది నేనే. గుండె కుడి పక్కన పడింది సార్. బొమ్మే తిరగబడి వచ్చిందనుకుని నేను తిప్పేశాను. ఆ ఎల్ నేను టైపు చేసిందే."

చెప్పేసింది. చుట్టుపక్కల మంచాల వాళ్ళు కూడా తిరిగి చూశారు. గున్నమ్మ మెల్లగా తలెత్తింది. ఆ చూపుని తాయారు భరించలేకపోయింది, అయినా నిలబడింది. డాక్టరు చేతిలోంచి ఫిల్ము తీసుకుని, వెనక్కి తిప్పి, మళ్ళీ వెలుగుకి పట్టింది.  'ఎల్' అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగబడింది.

"ఇలా చూడండి సార్. తాయెత్తు కుడి జబ్బకి ఉంది, ఇప్పుడు మంచం మీద చూడండి, ఆ జబ్బకే ఉంది. కడుపులో గాలి ఎడమ పక్కన ఉంది. గుండె ఒక్కటే ఇటొచ్చింది. పొద్దున్న కుడి పక్కకి తిప్పితే నాడి పోయింది, నేనే పట్టి చూశాను. ఎడమకి తిప్పితే వచ్చింది."

వినోద్ ఫిల్ము చూశాడు, తాయెత్తు చూశాడు. మీట పట్టుకున్న నర్సుని చెయ్యెత్తి ఆపాడు. స్టెతస్కోపు కుడి రొమ్ము మీద పెట్టి చాలాసేపు విన్నాడు.

"పుట్టుకతో ఇలా ఉందేమో ఎవరికైనా తెలుసా? ఇంతకుముందు ఎప్పుడైనా గుండె పరీక్ష చేయించారా?"

 దాలయ్య నిన్నటిదాకా జన్మలో ఆసుపత్రి గడప తొక్కలేదు. ఏ కాగితం లేదు.

"నాకు తెలుసు బాబూ," అంది గున్నమ్మ. ఈసారి సిగ్గుపడలేదు. అంతమంది మధ్యలో గొంతు పెంచి చెప్పింది. "ఇరవయ్యేళ్ళుగా ఆ ఎడం రొమ్ము మీదే సెవి పెట్టుకుని తొంగుంటన్నాను. ఆదోరం రాత్రి దాకా అక్కడే కొట్టుకునీది. సోమోరం తెప్ప గుద్దింది. ఆ రాత్రి నుంచి ఆ పక్కకి పోనాది. నాకు తెల్దేటి, నా మొగుడి గుండి ఎక్కడుంతాదో?"

వినోద్ పెద్ద డాక్టర్లకి ఫోన్ చేస్తూనే మంచాన్ని తనే తోసుకుంటూ సీటీ స్కాన్ గదికి పరిగెత్తాడు. ఎడమ పక్కనే ఉంచండి, కదపకండి అని అరుస్తున్నాడు.

సీటీలో తేలింది. గుండె చుట్టూ సంచిలాంటి పొర ఒకటి ఉంటుంది. తెప్ప గుద్దిన ఊపుకి అది కుడి వైపున చిరిగింది. ఆ చిరుగులోంచి గుండె కుడి పక్కకి జారింది. ఇంకొంచెం జారి చిరుగులో బిగుసుకుంటే, రక్తనాళాలు మెలిపడి మనిషి అక్కడికక్కడే పోతాడు. సాయంత్రం నాలుగింటికి థియేటరులోకి తీసుకెళ్ళారు. నర్సు దారం కత్తిరించి, తాయెత్తు తెచ్చి గున్నమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని గుప్పిట్లో బిగించి వరండా గోడకి ఆనుకుని కూర్చుంది. తాయారు అవతలి గోడకి ఆనుకుని కూర్చుంది. రాత్రి ఎనిమిదింటికి, కుట్టేశాం, గుండె కొట్టుకుంటోంది అన్న మాట వచ్చేదాకా ఇద్దరూ అక్కడి నుంచి లేవలేదు. 

*

సోమవారం వార్డుకి మార్చారని చినబాబు ఫోన్ చేసి చెప్పాడు. తాయారు బత్తాయిలు కొనుక్కుని బయల్దేరింది. పనికి వెళ్ళే తొందర ఎటూ లేదు. రేపట్నుంచి రావద్దని గురువారమే శివాజీ మెసేజి పెట్టాడు. పోలీసులు వస్తారేమో అని ఇంకా బెరుకుగానే ఉంది. వీధిలో మోటారుసైకిలు ఆగితే చాలు ఉలిక్కిపడుతోంది.

గున్నమ్మ వార్డు తలుపు దగ్గర నేల మీద కూర్చుని క్యారేజీ కడుగుతోంది. తాయారుని చూసి కూడా కడగడం ఆపలేదు. బత్తాయిల సంచి పక్కన పెట్టి తాయారు నిలబడింది. 

"ఆ రోజు నాను సెప్పాను కదా," అంది గున్నమ్మ, గిన్నె వైపే చూస్తూ.

"చెప్పావప్పా," అంది తాయారు, అక్కని పిలిచినట్టు.

"ఇన్నావా?"

"విన్నాను. నవ్వాను."

"నవ్వకు మరి అనే సెప్పాను." గున్నమ్మ గిన్నె బోర్లించింది. "నాను తప్పు విన్నానేమో అనుకున్నాను. నా సెవి మీద నాకే నమ్మకం పోనాది. ఆ నూకయ్య తాతని పిలిసింది నానే, తెలుసా? గుండి సోటులోనే ఉన్నాది, ఎముకలే కదా అని. ఆ పక్కకి పడుకోబెట్టడానికి నానూ ఓ సెయ్యి ఏసినాను."

తాయారుకి కన్నీళ్ళు ఆగలేదు. క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట ఎంత చిన్నదో నోట్లోకి వచ్చాక తెలిసింది. గున్నమ్మ ఏడవలేదు, ఓదార్చనూ లేదు. లేచి చేతులు కొంగుకి తుడుచుకుని తలుపు తోసింది.

"రా."

దాలయ్య దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. రొమ్ము నడుమ పొడుగ్గా కట్టు. కుడి జబ్బకి తాయెత్తు మళ్ళీ ఎక్కింది, దారం మాత్రం కొత్తది. తాయారుని చూసి మొహమాటంగా నవ్వాడు.

"ఇను," అంది గున్నమ్మ.

"ఏంటప్పా?"

"గుండి. ఏ పక్కన కొట్టుకుంతందో ఇని సెప్పు."

తాయారు కళ్ళు తుడుచుకుంది. "ఎడమ పక్కేనప్పా. డాక్టరు గారు చెప్పారటగా, మొన్న మళ్ళీ ఎక్స్‌రే కూడా..."

"ఇనకుండా సెప్పకు!"

వార్డులో నలుగురు తిరిగి చూశారు. తాయారు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కట్టు మీద బరువు పడకుండా ఒక చెయ్యి ఆన్చి, దాలయ్య ఎడమ రొమ్ము మీద చెవి పెట్టింది. ముందు తన గుండె చప్పుడే వినిపించింది. అది తగ్గేదాకా ఆగింది. గున్నమ్మ ఊపిరి బిగబట్టి ఆవిడ ముఖంలోకే చూస్తోంది. తాయారు ఈసారి తొందరపడలేదు.